ఏ సరకు విమానమెక్కవలెను?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో విమానాశ్రయము లేదు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఈ మూడును మహబూబునగరు జిల్లాలోని భాగములు. అంతకు పూర్వము గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానములు ఈ గడ్డనే ఏలినవి. కృష్ణా తుంగభద్రల నడుమ నుండి నల్లమల వరకు వ్యాపించిన ఈ నేలనుండి చిరకాలము బయటికి పోయినది సరకు కాదు, మనుష్యులు. పాలమూరు కూలి యన్న పేరు దేశమున ఎన్నో ఆనకట్టల గట్లమీద వినబడినది. మనుష్యులు వలస పోకుండ, వారి చేతిపని, వారి పంట బయటికి పోయి మంచి వెల తెచ్చినచో అంతకంటె కావలసినదేమి? సరకును దూరదేశములకు చేర్చు సాధనములలో మిక్కిలి వేగమైనది విమానము. ఆ విమానముతో మన మూడు జిల్లాలకు ఎంత పని కలదో, ఎంత పని లేదో ఈ ప్రసంగమున విచారింతము.

విమానము పుట్టిన తొలినాళ్ళలో అది మోసిన సరకులేవో చూచినచో దాని స్వభావము తెలియును. 1910 నవంబరు 7వ తేదీన అమెరికాలోని డేటన్ నగరమునుండి కొలంబస్ నగరమునకు, సుమారు 65 మైళ్ళ దూరము, రైటు సోదరుల విమానమొకటి ఒక అంగడికై బట్టను మోసికొనిపోయెను. సరకు కొరకే నడచిన తొలి విమానముగా దానిని చెప్పుదురు. అది మోసినది పట్టు. మగ్గముల నాడెరిగిన గద్వాలవారికి ఈ సంగతి వినుట కింపుగా నుండును. మరి మూడు నెలలకు, 1911 ఫిబ్రవరి 18వ తేదీన, మన అలహాబాదులో హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు ఆరువేలకు పైబడిన ఉత్తరములతో యమునను దాటి నైనీలో దిగెను. ప్రపంచమున ప్రభుత్వానుమతితో నడచిన తొలి విమానపు తపాలా అది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులను తెచ్చెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు వానిని బళ్ళారి మీదుగా మద్రాసునకు చేర్చెను. బళ్ళారి మన నడిగడ్డకు దూరపు చుట్టము కాదు, తుంగభద్ర నంటియున్న పొరుగు సీమయే.

హైదరాబాదు సంస్థానమున 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి విమానములు నడపినది. 1953లో అది మరికొన్ని సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. 1949లో మొదలైన రాత్రి తపాలా మరియొక ముచ్చటైన ఏర్పాటు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి నాలుగు విమానములు బయలుదేరి నడిరేయి నాగపురమున కలిసికొనెడివి. సంచులు ఒకదానినుండి మరియొకదానికి మార్చుకొని తెల్లవారునప్పటికి తమ తమ ఊళ్ళకు మరలెడివి. పట్టు, ఉత్తరము: ఈ రెండింటికిని సామ్యమేమి? రెండును తేలిక. ఒకటి విలువైనది, రెండవది ఆలస్యమైనచో విలువ తరిగిపోవునది. విమానమునకు తగిన సరకు లక్షణము నూరేండ్ల క్రిందటనే తేలిపోయినది.

నేటి లెక్కలు కూడ దీనినే చెప్పుచున్నవి. దేశదేశముల నడుమ సాగు వాణిజ్యమున విమానముపై పోవు సరకు పరిమాణమున నూటికి ఒక పాలైనను ఉండదు. విలువలో మాత్రము ఇంచుమించు మూడవ వంతు. నూరు బండ్ల సరకులో ఒక బండి గాలిలో పోవుచుండగా, ఆ యొక్క బండిలోనే సొమ్ములో మూడవ పాలు ఉన్నదన్నమాట. కావున సరకు విమానమెక్కవలెనా యని ఎవరైన అడిగినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. కిలో బరువునకు దాని వెల ఎంత? అది చెడకుండ ఎన్ని దినములు నిలుచును? ఆలస్యమైనచో కలుగు నష్టమెంత? ఈ మూడు ప్రశ్నలతో మన సరకులను ఒక్కొక్కదానిని తూచి చూతము.

మొదట వేరుసెనగ. వనపర్తి చుట్టుప్రక్కలను, నాగర్‌కర్నూలు, గద్వాల జిల్లాలలోను యాసంగి పల్లి ముఖ్యమైన పంట. పల్లీ బరువైన సరకు. కిలో వెల పట్టుతో పోల్చదగినది కాదు. చక్కగా ఎండబెట్టినచో నెలల తరబడి నిలుచును. మూడు ప్రశ్నలకును జవాబు ఒక్కటే: విమానము వలదు, లారీ, ఓడ చాలును. పల్లీకి కావలసినది వేగము కాదు, ఆరుదల. తడి మిగిలిన కాయలో బూజు పెరుగును. ఆ బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. నేరుగా తినుటకు వచ్చు పల్లీలో ఈ విషము వందకోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళకు మించరాదని ఐరోపా దేశములు హద్దు పెట్టినవి. ఆ హద్దు దాటిన సరకును ఎంత వేగముగ చేర్చినను అక్కడి రేవులో త్రిప్పి పంపుదురు. కల్లములో రెండు దినములు ఎక్కువగా ఎండించిన రైతు, విమానము చేయలేని మేలు తన పంటకు తానే చేసికొన్నవాడగును.

రెండవది నడిగడ్డలోని సంకర ప్రత్తి విత్తనము. గద్వాల ప్రాంతమున ఇది పేరుపొందిన సేద్యము. ఆడమగ మొక్కల పూలను చేతితో కలిపి పండించు ఈ విత్తనము కిలో వెల పల్లీకంటె ఎన్నో రెట్లు. అట్లయిన ఇది విమానమెక్కవలెనా? ఎక్కనక్కరలేదు. చలికాలమున చేతికి వచ్చిన విత్తనము వానకాలము మొదట గాని విత్తబడదు. నడుమ నెలల వ్యవధి యున్నది. విలువ ఒక్కటే చాలదనియు, తొందర కూడ ఉండవలెననియు ఈ విత్తనము మనకు నేర్పుచున్నది.

మూడవది కొల్లాపురపు మామిడి. సంస్థానపు కాలమునుండి ఆ తోటలకు పేరు. ఈ పండు పల్లీవలె నిలుచునది కాదు. కోసిన నాటినుండి అది తన గడియలు తాను లెక్కించుకొనుచుండును. వైశాఖపు ఎండలో బయట నిలిచిన గంప నాలుగు దినములలోనే మెత్తబడును. సుమారు 12, 13 డిగ్రీల చల్లదనమున ఉంచినచో రెండు మూడు వారములు నిలుపవచ్చును. అంతకంటె ఎక్కువ చలి పెట్టినను కీడే, తొక్క నల్లబడి పండు రుచి చెడును. హైదరాబాదునుండి దుబాయికి విమానము ఇంచుమించు నాలుగు గంటలలో చేరును. తెల్లవారుజామున కోసిన కాయ మరునాటికి అక్కడి అంగడిలో ఉండుట అసాధ్యము కాదు.

ఐనను మామిడికి అన్ని దేశముల తలుపులు ఒకే విధముగ తెరచియుండవు. పండ్ల ఈగ తమ తోటలలోనికి వచ్చునని దూరదేశముల భయము. అందుచేత అమెరికా పదునెనిమిదేండ్లపాటు మన మామిడిని రానీయక 2007లో తిరిగి అనుమతించినది. పండును ముందుగా కిరణములకు గురిచేసి ఈగ గ్రుడ్లను నిర్వీర్యము చేయవలెనని నియమము పెట్టినది. జపాను 2006లో తలుపు తెరచినది గాని వేడి ఆవిరి పట్టించిన పండునే తీసికొనును. అది అనుమతించిన రకములలో మన బంగినపల్లి కలదు. 2014 మే నెలలో ఐరోపా కూటమి పండ్ల ఈగల కారణమున మన మామిడిని నిలిపివేసి, మరుసటి సంవత్సరము జనవరిలో ఆ నిషేధమును ఎత్తివేసినది. ఒక ఈగ దేశమంతటి తోటలవారిని మాసముల తరబడి నిలువరించెనన్న మాట. తోటలో రాలి కుళ్ళిన పండ్లను ఏరి పూడ్చుట, ఎర బుడ్లను కట్టుట వంటి చిన్న పనులు విమానపు టిక్కెట్టుకంటె ముందు కొనవలసిన టిక్కెట్లు.

కిరాయి సంగతియు చెప్పవలెను. అమెరికా వంటి దూరదేశమునకు పండు వెలకంటె దాని విమానపు కిరాయియే ఎక్కువగుట సాధారణము. కావున తోటలోని కాయలన్నియు విమానమెక్కవు, ఎక్కనక్కరలేదు. మచ్చలేని, ఒకే తూకపు మేలిమి కాయ గాలిలో పోవలెను. నడిమి తరగతి చల్లని పెట్టెలలో ఓడమీదనో, లారీమీద దేశములోని నగరములకో పోవలెను. మిగిలినది రసమునకు పోవలెను. ఏ కాయ ఏ దారిన పోవలెనో తోటలోనే వేరుచేయుట రైతు చేతిలోని విద్య. అన్నింటిని ఒకే గంపలో పోసి అంగడికి తోలినచో మేలిమి కాయ కూడ నాసి కాయ ధరకే పోవును.

ఇక గద్వాల చీర. నూలు నడుమ, పట్టు అంచు, పట్టు కొంగు కలిగి, వేర్వేరుగా నేసినట్లుండు ఆ భాగములను పేక పోగులతో ముడివేసి ఒకటి చేయు ఆ నేత భౌగోళిక గుర్తింపు పొందినది. చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టవచ్చునని లోకమున ప్రతీతి. తిరుమల బ్రహ్మోత్సవములకు ఏటేట ఏరువాడ జోడుపంచెలు నేసి పంపు మగ్గములును గద్వాలవే. ఈ చీర తేలిక, విలువైనది. పెండ్లికి కావలెనన్నవారికి ముహూర్తము దాటిన పిదప చేరినచో నిష్ప్రయోజనము. మూడు ప్రశ్నలకును ఇది సరియైన జవాబు చెప్పుచున్నది. ఒక్క చీర వెలలో కిరాయి స్వల్ప భాగమే యగును. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో నివసించు తెలుగు ఇల్లాలు కోరిన చీర వారము దినములలో ఆమె గుమ్మమున దిగుట నేడు వింత కాదు.

అయితే ఇచ్చట ఒక మాట నిలిచి ఆలోచింపవలెను. చీర వారములో సముద్రములు దాటినది గదా, దాని వెల నేతగాని యింటికి ఎన్నాళ్ళకు చేరినది? చాలమంది నేతవారు తమ నూలు, తమ పట్టు తాము కొనరు. యజమాని ఇచ్చిన పోగును నేసి కూలి పుచ్చుకొందురు. అట్టివారికి చీర విమానమెక్కినను ఎడ్లబండి యెక్కినను కూలి ఒక్కటే. సహకార సంఘము ద్వారానో, తామే పేరు పెట్టి అమ్ముకొనుట ద్వారానో వెలలో పాలు పొందిన నాడే విమానపు వేగము మగ్గము గోతిలోనికి దిగును. వేగము సరకును చేర్చును గాని న్యాయమును చేర్చదు. అది మనము ఏర్పరచుకొనవలసినది.

సరకు పంపదలచినవారికి ఉపయోగించు ఒక లెక్కను కూడ చెప్పెదము. విమానములో బరువునకే కాదు, చోటునకును కిరాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి హెచ్చవేసి ఆరువేలతో భాగింతురు. వచ్చిన అంకెను కిలోలుగా ఎంచి, దానిని అసలు తూకముతో పోల్చి, రెండింటిలో ఏది ఎక్కువయో దానికి డబ్బు తీసికొందురు. ఒక పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 40 ఎత్తు ఉన్నదనుకొందము. హెచ్చవేసినచో 1,20,000. ఆరువేలతో భాగించినచో 20. అందులో ఎనిమిది కిలోల సరకే యున్నను ఇరువది కిలోలకు కిరాయి చెల్లింపవలసినదే. మిగిలిన పండ్రెండు కిలోలు గాలి. గాలిని గాలిలో పంపుటకు డబ్బు చెల్లించుట యన్నమాట. అందుచేత చీరలను అదిమి మడిచి చిన్న పెట్టెలో సర్దిన అంగడివాడు లాభపడును. మామిడికి ఊపిరి తీయు రంధ్రములు కావలెను గాని పెట్టె అవసరమునకు మించి పెద్దది కారాదు.

ఇంతవరకు బయటికి పోవు సరకును గూర్చి చెప్పితిమి. లోనికి వచ్చు సరకు ప్రాణములతో ముడిపడినది. బరువు, వెల అను లెక్కలన్నియు త్రోసిపుచ్చవలసిన దినములు కొన్ని వచ్చును. 1948, 49 సంవత్సరములలో పశ్చిమ బెర్లిను నగరమునకు నేలదారులు మూసివేయబడగా ఇరువది లక్షల టన్నులకు పైబడిన సరకు విమానములపై చేరినది. అందులో ఎక్కువ పాలు బొగ్గు. బొగ్గు విమానమెక్కదగిన సరకు కాదు. కాని చలిలో నున్న నగరమునకు మరియొక దారి లేదు.

మన హైదరాబాదులోను అట్టి దినములు వచ్చినవి. 2021 ఏప్రిలులో కరోనా వ్యాధి ముమ్మరముగ నుండగా రోగులకు ప్రాణవాయువు చాలకపోయెను. అప్పుడు బేగంపేటనుండి వైమానిక దళపు పెద్ద విమానములు ఖాళీ ఆక్సిజను ట్యాంకర్లను భువనేశ్వరమునకు మోసికొనిపోయినవి. ఖాళీవి మాత్రమే. ద్రవరూపమున నున్న ప్రాణవాయువును నింపిన ట్యాంకరును విమానమున పెట్టుట ప్రమాదము. కావున నిండినవి నేలదారిన తిరిగివచ్చెను. పోవుటకు పట్టు దినములను గాలిలో మిగుల్చుకొని, వచ్చుటను నేలపై జరిపించిరి. ఆ సంవత్సరమే మే 1వ తేదీన రష్యానుండి లక్షాయేబదివేల మోతాదుల స్పుత్నిక్ టీకా హైదరాబాదులో దిగెను. హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్ టీకా ఇచ్చటినుండియే విమానములపై ఇతర నగరములకు పోయెను. ఆ టీకాను 2నుండి 8 డిగ్రీల చల్లదనమున, దారిలో ఎక్కడను వేడి తగులకుండ చేర్చవలెను. శంషాబాదు విమానాశ్రయము ద్వారా పోవు సరకులో మందులకు ముఖ్యస్థానమున్నది.

2021 సెప్టెంబరులో వికారాబాదు జిల్లాలో మరియొక ప్రయోగము మొదలైనది. మనిషి లేకుండ ఎగురు చిన్న డ్రోనులచేత మందులను, టీకాలను ఆరోగ్య కేంద్రములకు పంపి చూచిరి. డ్రోను కొద్ది కిలోలే మోయగలదు. పాము కాటు మందునకు, రక్తపు సంచికి, టీకా పెట్టెకు ఆ కొద్దియే చాలును. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవులలో చెంచు పెంటలున్నవి. వానలు పడినచో కొన్ని దారులు నడువరానివగును. వికారాబాదు ప్రయోగములో నేర్చిన పాఠము ఎన్నడైన ఈ పెంటలకు ఉపయోగించినచో విమానపు రవాణా వలన మన జిల్లాలకు కలుగు మేళ్ళలో అదియే మొదటిదని మేము తలచుచున్నాము. చీర ఆలస్యమైనచో పెండ్లిలో కొరత. మందు ఆలస్యమైనచో ఆ కొరత తీరునది కాదు.

మన ప్రాంతములోనే విమానాశ్రయము కట్టవలెనన్న కోరిక చాలమందికి కలదు. రాష్ట్రమున కొత్త విమానాశ్రయములకై పరిశీలించిన స్థలములలో మహబూబునగరు జిల్లాలోని గుడిబండ యొకటి. గద్వాలకు దక్షిణమున కర్నూలునకు ఆవల ఓర్వకల్లులో 2021 మార్చి 28నుండి ప్రయాణికుల విమానములు నడువసాగినవి. విమానాశ్రయము వచ్చుటను మేము కాదనము. కాని సరకు దృష్టితో చూచినచో కొన్ని సంగతులు గమనింపవలెను. సరకులో పెద్దపాలు ప్రయాణికుల విమానముల పొట్టలోని అరలలోనే పోవును. ఎన్ని దేశములకు ఎన్ని విమానములు నడచునో అన్ని దారులు సరకునకు దొరకును. చిన్న విమానాశ్రయమునుండి దినమునకు ఒకటి రెండు చిన్న విమానములు ఎగిరినచో మామిడి పెట్టెలకు అక్కడ చోటు దొరకుట అరుదు. శంషాబాదు విమానాశ్రయమో 2008 మార్చినుండి నడచుచున్నది. అది హైదరాబాదునకు దక్షిణపు వైపున, మనకు అభిముఖముగా నున్నది. గద్వాలనుండి ఎర్రవల్లి చౌరస్తాకు, వనపర్తినుండి కొత్తకోటకు, నాగర్‌కర్నూలునుండి భూత్పూరునకు వచ్చినచో అందరిని కలుపునది ఒక్కటే రాజమార్గము. జడ్చర్ల దాటి నగరములోనికి పోకుండనే విమానాశ్రయమును చేరవచ్చును. నాలుగు గంటలకు మించని ప్రయాణము.

అట్లయిన కొరత ఎక్కడ? ఆ నాలుగు గంటలకు ముందున్న నాలుగు దినములలో. కోసిన మామిడి చెట్టు క్రింద ఎండలో పడియుండు పూట, లారీ నిండుటకై ఎదురుచూచు పూట, అంగడిలో బేరము తెగుటకై నిలుచు దినము, ధ్రువపత్రములకై తిరుగు దినము. గంటకు ఐదువందల మైళ్ళు పోవు విమానమునకు ముందు సరకు గంటకు ఒక అడుగైనను కదలని ఘడియలివి. కొల్లాపురము చేరువను కాయలను కడిగి, చల్లార్చి, వేరుచేసి పెట్టెలకెత్తు ఇల్లు, అచ్చటినుండి శంషాబాదు వరకు చల్లని లారీ, పత్రముల పని దగ్గరనే పూర్తియగు ఏర్పాటు: ఈ మూడును సమకూరినచో కొత్త రన్‌వే లేకయే మన పండు విమానమెక్కును. ఇవి లేకున్నచో తోట గట్టుననే విమానము దిగినను ప్రయోజనము స్వల్పము. కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించిన కృషి ఉడాన్ వంటి పథకములు కిరాయి భారమును కొంత తేలిక చేయుటకు ఉద్దేశింపబడినవే. కాని కిరాయి రాయితీ చెడిన పండును మంచిపండుగ మార్చలేదు.

ఒక్క రైతు ఒక్కడే ఈ పనులు చేయుట కష్టము. పదిమంది తోటలవారు కూడి ఒక పెట్టెల ఇల్లు, నలుబదిమంది నేతవారు కూడి ఒక అమ్మకపు పేరు ఏర్పరచుకొనుట సాధ్యము. పల్లీ పండించువారు విమానపు మాట మరచి ఆరుదల మాట తలచుకొందురు గాక. విత్తనమువారు తొందరపడనక్కరలేదు. మామిడివారు మేలిమి కాయను మాత్రమే గాలికి ఎత్తుదురు గాక. నేతవారు చీరతోపాటు తమ పేరును కూడ పంపుదురు గాక. విమానమునకు అమ్మునది కాలము, కొనువారు మనము. కొనుటకు ముందు మన యింట ఎంత కాలము వ్యర్థముగ పారిపోవుచున్నదో లెక్క చూచుకొనుట వివేకము.